కనపడని కత్తెర

మా ఊరి పేరు ప్రత్తిపాడు. కొత్తవాళ్ళెవరయినా ఈ పేరు వింటే చిన్నగా నవ్వి, "ప్రత్తి పాడయిందా ఏమిటండీ?" అంటారు. పాడు అంటే పల్లె అని, మా గుంటూరు జిల్లాలో ఆ తోక తగిలించుకున్న ఊళ్ళు బోలెడున్నాయని చెప్పి చెప్పి విసుగెత్తి, ఈ మధ్య "అవునండీ, అప్పుడప్పుడూ అవుతూ ఉంటుంది" అని ఊరుకుంటున్నాను. వేళాకోళానికి అన్న ఆ మాట కిందటి పంటకు నిజమయింది. ప్రత్తి విషయంలో కాదు, మా అక్కయ్యగారి మిరపతోట విషయంలో. అందులో నా పాపం కొంత ఉంది. అందుకే ఈ వారం ఈ పేజీలో ఆ సంగతి చెప్పుకుంటున్నాను.

ఈ పేజీ చదివేవారికి నేను సైన్సు మేష్టరునని తెలుసు. హైస్కూల్లో ముప్ఫయి రెండేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయినాను. మా ఊళ్ళో మేష్టరు రిటైరయినా ఆయన చదువును మాత్రం రిటైరు కానివ్వరు. దూడకు పారుడు పట్టినా, దూలానికి చెద పట్టినా "మేష్టారూ!" అంటూ వస్తారు. రావటం వాళ్ళ తప్పు కాదు. తెలిసినా తెలియకపోయినా తక్షణం సమాధానం చెప్పటం నా తప్పు. ముప్ఫయి రెండేళ్ళు పిల్లల ముందు నిలబడి 'తెలియదు' అన్నమాట అనకుండా నెట్టుకొచ్చినవాడికి, ఆ మాట నోట రావటం మహా కష్టం.

కిందటి కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పట్టి వదిలింది. అయిదోనాడు మా మేనల్లుడు వచ్చి, తువ్వాలు విప్పి, గుప్పెడు మిరపాకు అరుగుమీద పోశాడు.

"మావయ్యా, ఆకు రాలిపోతోంది. మచ్చలు కూడా పడ్డాయి. కాస్త చూసి చెప్పు."

వాడికి సొంతం రెండెకరాలు, కౌలు రెండెకరాలు. నాలుగూ నల్లరేగడే. నాలుగింటా మిరపే. నా కళ్ళజోడు లోపల బల్లమీద ఉంది. లేచి వెళ్ళి తెచ్చుకోవటానికి బద్ధకించాను. 2021లో నల్ల తామరపురుగు వచ్చి మా ప్రాంతం మిరపతోటలను ఊడ్చిపెట్టిన దగ్గరనుంచి, ఆకు ముడుచుకున్నా, మాడినా, రాలినా మావాళ్ళ నోట వచ్చే మాట అదొక్కటే. నా నోటా అదే వచ్చింది.

"తామరపురుగేరా అబ్బాయ్. మందు కొట్టించు."

వాడు కొట్టించాడు. మందుల కొట్టాయన మేష్టారు చెప్పినదానికి తోడుగా తన వంతు మరొకటి కలిపి ఇచ్చాడట. వారం తిరిగేసరికి రెండోసారి కూడా కొట్టించాడు. ఆకు రాలుతూనే ఉంది.

ఒకనాటి సాయంకాలం అక్కయ్యే వచ్చింది. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు అందుకున్న చేతికి గాజులు లేవు. ఉన్న నాలుగు బంగారు గాజులూ బాంకులో పెట్టి మందులకు తెచ్చారన్నమాట. నేను చూశానని ఆవిడకు తెలిసింది. చెంగు చేతిమీదికి లాక్కుని, "ఇంకోసారి కొట్టమంటావా తమ్ముడూ? నువ్వు కొట్టమంటే కొట్టిస్తాడు" అంది.

ఆ ఒక్కమాటతో నాకు చెమట పట్టింది. అప్పుడు లేచి కళ్ళజోడు పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చేనికి వెళ్ళాను. ఆకు తిరగేసి చూస్తే అడుగున నీటితో తడిసినట్టు చిన్న చిన్న చుక్కలు. కొన్ని ముదిరి గోధుమరంగుకూ, నలుపుకూ తిరిగాయి. చుట్టూ పసుపుపచ్చని అంచు. కాయమీద పొక్కిన పుండు ఎండినట్టు గరుకు మచ్చలు. పురుగు గీరిన ఆకు ఇల్లా ఉండదు. నాలుగాకులు కోసుకుని తిన్నగా మా పాత స్కూలుకు వెళ్ళి, హెడ్మాస్టరుగారిని అడిగి, లాబరేటరీ బీరువాలోంచి మైక్రోస్కోపు తీయించాను.

ఆ యంత్రం కింద ముప్ఫయి రెండేళ్ళూ నేను పిల్లలకు ఉల్లిపొర చూపించాను. ఉల్లిపొర తప్ప మరొకటి పెట్టి ఎరగను. ఆనాడు మచ్చ అంచును బ్లేడుతో సన్నగా కోసి, నీటిచుక్కలో వేసి, పైన అద్దపురేకు పెట్టి చూశాను. కోసిన అంచులోంచి సన్నని పొగలాంటిది నీళ్ళలోకి మెల్లగా సాగి వస్తున్నది. అగరువత్తి పొగ గాలిలేని గదిలో పైకి లేచినట్టుంది. అది పొగ కాదు, బాక్టీరియా. అసంఖ్యాకం. ఒక్కొక్కటి ఎంత ఉంటుందంటే, వెయ్యింటిని తలా తోకా కలిపి వరసగా నిలబెడితే ఒకటి రెండు మిల్లీమీటర్లు.

ఎదురుగా అంత స్పష్టంగా కనిపిస్తున్నది. దీనిమీదికి నేను రెండుసార్లు పురుగుమందు కొట్టించాను! పాముకాటుకు ఎలకలమందు పెట్టినట్టుంది నా వైద్యం.

ఆకులు పొట్లం కట్టుకుని గుంటూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి లాం ఫారానికి వెళ్ళాను. అక్కడ తెగుళ్ళ విషయం చూసే కుర్రాడు ఒకడు నా దగ్గర చదువుకున్నవాడు. ఆకు చూసీ చూడగానే, "బాక్టీరియా ఆకుమచ్చ తెగులండి. జాంథోమోనాస్ జాతి" అన్నాడు.

"దానికి పళ్ళా, గోళ్ళా? నోరన్నా లేని ఆ నలుసు ఇంత ఆకును ఎల్లా తింటుందయ్యా?" అన్నాను.

వాడు నవ్వాడు. "మేష్టారూ, బాక్టీరియాకు నోరు లేదని ఎనిమిదో తరగతిలో మాకు చెప్పింది మీరే. నోరు లేకుండా ఎల్లా తింటుందని మేము అడగలేదు, మీరు చెప్పలేదు."

ఆనాడు అడగని ప్రశ్నకు సమాధానం ఆ కుర్రాడు చెప్పగా కొంత, తరవాత నేను చదువుకోగా కొంత తెలిసింది. అందులో నాకు అర్థమయినంతవరకు మీకు చెబుతాను.

మనం అన్నం తిని తరవాత అరిగించుకుంటాం. బాక్టీరియా ముందు అరిగించి తరవాత తింటుంది. దాని ఒంటిలోకి పెద్ద వస్తువేదీ దూరదు. అందుకని లోపల ఎంజైములనే రసాయనాలు తయారుచేసి బయటికి వదులుతుంది. అవి బయట ఉన్న పెద్ద పదార్థాన్ని చిన్న చిన్న తునకలుగా కత్తిరిస్తాయి. ఆ తునకల్ని ఇది లోపలికి పీల్చుకుంటుంది. చక్కెరపీచును కత్తిరించే ఎంజైము వేరు, కొవ్వును కత్తిరించేది వేరు. మాంసకృత్తుల్ని, అంటే ప్రోటీన్లను, కత్తిరించే వాటికి ప్రోటియేజులని పేరు. ప్రోటీనంటే ఇరవై రకాల పూసలు గుచ్చిన దండ. ప్రోటియేజు ఆ దారాన్ని తెంపే కత్తెర.

ఈ కత్తెర మీ వంటింట్లో లేనిది కాదు. ముదురు మాంసం త్వరగా ఉడకటానికి పచ్చి బొప్పాయిముక్క వేస్తారు గదా! బొప్పాయిపాలల్లో ఉన్నది ప్రోటియేజే. మీ పొట్టలో ఉన్న పెప్సినూ అదే. బట్టలమీది మరకలు పోవటానికి కొన్ని సబ్బుపొడుల్లో కలిపేదీ ఆ జాతిదే. కత్తెర దర్జీ చేతిలో ఉంటే చొక్కా అవుతుంది, జేబుదొంగ చేతిలో ఉంటే మీ పర్సు పోతుంది. అంతే తేడా.

బాక్టీరియా దగ్గర ఈ కత్తెర ఉన్నదో లేదో తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులు చేసే పరీక్ష మా అక్కయ్యకు కూడా అర్థమయింది. వెన్నతీసిన పాలను ఒక రకం జెల్లీలో కలిపి పళ్ళెంలో పోస్తారు. తెల్లగా పేరుకుంటుంది. దానిమీద బాక్టీరియాను చుక్కగా పెడతారు. కత్తెర ఉన్నదయితే, అది పాలల్లోని ప్రోటీనును కత్తిరిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చుక్కచుట్టూ తెలుపు విరిగి, అద్దంలాంటి వలయం ఏర్పడుతుంది.

మన మిరప తెగులు బాక్టీరియాకు వరసకు అన్నదమ్ముడు ఒకటి కాబేజీని పట్టి నల్లకుళ్ళు తెప్పిస్తుంది. ఇంగ్లండులో నార్విచ్ పట్టణంలో కొందరు శాస్త్రజ్ఞులు దాని కత్తెరలు పరిశీలించి, ప్రోటియేజు తయారుచేయలేని రకాన్ని పుట్టించారు. దాన్ని టర్నిప్ ఆకు ఈనెల కోసల ద్వారా ఎక్కించి చూస్తే, దాని ఉధృతం బాగా తగ్గిపోయింది. ఈ సంగతి 1990లో ప్రకటించారు. మొక్కలోని ప్రతి కణానికీ చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఆ గోడలో పీచుకు తోడుగా, గచ్చులో కలిపిన నారలాగా, కొన్ని ప్రోటీన్లుంటాయి. ఆ నారనే ఎంచుకుని తెంపే ప్రోటియేజు కూడా ఈ బాక్టీరియా దగ్గర ఉన్నదని 1998లో తేలింది. ఇంటిదొంగ ఇటికను వదిలి గచ్చును గీకినట్టన్నమాట.

ఇదంతా ఎక్కడో సీమలో జరిగిందనుకోకండి. మన హైదరాబాదులో, సి.సి.ఎం.బి. పరిశోధనాలయంలో, రమేశ్ వి. సొంటిగారి బృందం వరి ఎండాకు తెగులు బాక్టీరియాను పట్టుకుని ఏళ్ళతరబడి పని చేసింది. అదీ జాంథోమోనాసే. ఎంజైముల్ని బయటికి పంపే దారిని మూసేస్తే ఆ బాక్టీరియా వరిని సరిగా జబ్బు చేయలేదని వారు 2000లో చూపించారు. అక్కడి ఎంజైములు ముఖ్యంగా పీచునూ, కొవ్వులాంటి బంధాలనూ తెంపేవి. తెంపటంలో ఒక చిక్కుంది. గోడ విరిగితే చప్పుడవుతుంది. రాలిన గోడపెళ్ళను గుర్తుపట్టి వరిమొక్క మేలుకుంటుంది, ఎదురు తిరుగుతుంది. అందుకని బాక్టీరియా మరికొన్ని ప్రోటీన్లను సూదివేసినట్టు సరాసరి కణంలోకి ఎక్కించి, ఆ మెలకువను మళ్ళీ జోకొడుతుందని వారే 2007లో తేల్చారు.

ఇల్లా సూదితో ఎక్కించేవాటిలోనూ కత్తెరలున్నాయి. అసలు దొంగతనమంతా ఇక్కడే ఉంది.

మిరపనూ టమాటానూ పట్టే మన ఆకుమచ్చ బాక్టీరియా దగ్గరే 'జాప్-డి' అనే కత్తెర ఒకటుంది. మొక్క తన ప్రోటీన్లలో కొన్నింటికి, ఇది ఫలానా పనిమీద ఉన్నదని తెలిసేటట్టు, ఒక చిన్న బిళ్ళ తగిలిస్తుంది. ఈ కత్తెర ఆ బిళ్ళను తెంపుతుందని 2003లో కనిపెట్టారు. తరవాత టమాటామీద పరీక్షించి చూస్తే తేలిందేమంటే, దీనివల్ల మొక్క జబ్బుపడినట్టు పైకి కనిపించటం ఆలస్యమవుతుంది. పండుబారటానికీ, ఆకు రాల్చటానికీ మొక్క వాడుకునే ఎథిలీన్ అనే వాయువు తయారీని అది అణిచిపెడుతుంది. ఆకు పచ్చగానే ఉంటుంది. లోపల బాక్టీరియా సంతానం పెరుగుతూ ఉంటుంది. యజమానికి అనుమానం రాకుండా వాకిట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల గాదె ఖాళీ అవుతూ ఉంటుంది.

ఇది చదివినప్పుడు నాకు కాస్త ఊరట కలిగిన మాట నిజం. మేనల్లుడు మచ్చ చూసిన నాటికే దొంగ కాపురం పెట్టి చాలా రోజులయి ఉంటుందన్నమాట. అయితే ఆ ఊరట ఎక్కువసేపు నిలవలేదు. మచ్చ పడటం ఆలస్యం చేసింది బాక్టీరియా సరే, పడిన మచ్చను కళ్ళజోడు లేకుండా చూసినవాణ్ణి నేనే గదా!

మరో బాక్టీరియా ఉన్నది. అది ఈదటానికి తోకలాంటి దారం ఆడిస్తుంది. ఆ దారంలోంచి రాలిన ప్రోటీను ముక్కల్ని చూసే మొక్క దాన్ని పసిగడుతుంది. అందుకని అది తన తోకనుంచి రాలిన ముక్కల్ని తన ప్రోటియేజుతోనే తునాతునకలు చేసి ఆనవాలు లేకుండా చేస్తుందని 2014లో హాలండు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దొంగ తన అడుగుజాడలు తానే చెరుపుకుంటూ పోవటమన్నమాట.

మొక్క మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో 'రిన్-4' అనే ప్రోటీనుంది. దొంగ కత్తెర లోపలికి రాగానే దాన్ని కత్తిరిస్తుంది. ఆ ప్రోటీనును అంటిపెట్టుకుని ఒక కాపలాదారు ఉంటాడు. ప్రోటీను తెగిందో, కాపలాదారు లేచి కేకపెడతాడు. ఆ కేకతో జబ్బు తగిలిన కణం తనంత తానుగా చచ్చిపోతుంది. తనతోపాటు దొంగకు తిండి లేకుండా చేస్తుంది. ఇది బయటపడిందీ 2003లోనే. మామిడితోటలో కంచెకు దారం కట్టి, కొసన గంట వేలాడదీసే పద్ధతి మన పెద్దలదే అనుకున్నాను. మొక్క మనకంటే ముందే నేర్చిందది.

కాపలాదారు ఉన్న మొక్క బతుకుతుంది, లేనిది పోతుంది. కాబట్టి కాపలాదార్లను వెతికి మంచి రకాల్లోకి తీసుకురావటమే శాస్త్రజ్ఞుల పని అయింది. మా జిల్లా పాత సరిహద్దుల్లోనే ఉన్న బాపట్లలో 1986లో పుట్టిన వరి బి.పి.టి. 5204. అదే మీరంతా తినే సాంబమసూరి. తినటానికి ఎంత మెత్తనో, ఎండాకు తెగులు ముందు అంత మెత్తన. సి.సి.ఎం.బి. వారూ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థవారూ కలిసి, మామూలు సంకరణ పద్ధతిలోనే, తెగులును ఎదుర్కొనే మూడు జన్యువులను దానిలోకి తెచ్చారు. అందులో ఒకటి ఆఫ్రికా అడవివరి నుంచి వచ్చింది. ఆ 'మెరుగైన సాంబమసూరి' 2008లో విడుదలయింది. అన్నం రుచి మారలేదు.

ఇక మా మిరప సంగతికి వస్తాను. లాం కుర్రాడు పురుగుమందు మాన్పించి, పది లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు, 1 గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టమన్నాడు. "ఆ రెండోది ఎక్కువసార్లు వద్దు మేష్టారూ. అందులో ఉన్న స్ట్రెప్టోమైసిన్ మనుషులకు క్షయకు వాడే మందు. చేలో కుమ్మరిస్తూ పోతే బాక్టీరియా దానికి అలవాటుపడుతుంది" అన్నాడు. ఆకు తడిగా ఉండగా చేలో దిగవద్దన్నాడు. వానచినుకు చిందితేనూ, మనిషి చెయ్యి తగిలితేనూ ఒక మొక్కనుంచి ఇంకోదానికి పోతుందట. రాలిన ఆకు, పీకిన కట్టె చేలో ఉంచవద్దన్నాడు. అన్నీ చేశాం. తెగులు నిలిచింది గాని, పోయిన ఆకు తిరిగి రాలేదు. పంట మామూలుగా వచ్చేదానిలో సగానికి కాస్త పైన చేతికొచ్చింది. మిర్చి యార్డునుంచి వచ్చిన డబ్బులో కౌలు పోగా రెండు గాజులు విడిపించారు. రెండు ఇంకా బాంకులోనే ఉన్నాయి.

"ఆ మందుల డబ్బు నేనిస్తాను అక్కయ్యా" అన్నాను.

"నీ డబ్బెందుకు రా? ఈసారి చూసి చెప్పు, చాలు" అంది.

ఆవిడతో చెప్పవలసిన కష్టమయిన మాట ఇంకొకటి మిగిలిపోయింది. ఈ బాక్టీరియా విత్తనంతో కూడా పోతుంది. అక్కయ్య దగ్గర ఒక హార్లిక్స్ సీసా ఉంది. అందులో మా అమ్మనాటి మిరపవిత్తనం. అమ్మేటందుకు వేసే రకం కాదు. ఏటా చేని గట్టువెంట నాలుగు సాళ్ళు వేసి, ఇంటిమట్టుకు కొరివికారం పెడుతుంది. ఆ కారం రుచి మా అమ్మ చేతిదే. ఈ ఏడు గట్టుసాళ్ళకు కూడా మచ్చలు పడ్డాయి. సీసాలో ఉన్నవి ఆ కాయల గింజలు.

రెండు రోజులు తటపటాయించి చెప్పాను. అక్కయ్య సీసా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు.

"పారెయ్యాలా?"

"వేడినీళ్ళల్లో వేసి చూడొచ్చట. సుమారు 50 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు. తక్కువయితే బాక్టీరియా చావదు, ఎక్కువయితే గింజ చస్తుంది. కావాలంటే ముందు సగం వేసి చూద్దాం."

"మొత్తం వెయ్యి. జబ్బు గింజలు సగం దాచుకుని ఏం చేసుకుంటాను?" అంది.

స్కూలునుంచి థర్మామీటరు తెచ్చాను. గింజలు పలచని గుడ్డలో మూటకట్టి, వెడల్పాటి గిన్నెలో ముంచాం. నేను థర్మామీటరు చూస్తూ "వేడి", "చన్నీళ్ళు" అంటుంటే అక్కయ్య గరిటెతో పోస్తూ వచ్చింది. పాతిక నిమిషాలు ఇద్దరం మాట్లాడుకోలేదు. తరవాత చన్నీళ్ళలో తీసి, నీడన ఆరబెట్టి, చేని మట్టి తగలకుండా వేరే మట్టి పోసిన కుండీలో యాభై గింజలు పెట్టి చూశాం. ముప్ఫయి ఒకటి మొలిచాయి. రోజూ పొద్దున్నే ఆవిడ ఆకు తిరగేసి చూస్తున్నది. ఇవాళ్టివరకూ మచ్చ పడలేదు.

ఇది రాస్తుండగా మా మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. చేతిలో ప్రత్తి ఆకు. ఈనెలమధ్య కోణాకారంలో మచ్చలున్నాయేమోనని వాడి అనుమానం. ప్రత్తికీ నల్లమచ్చ తెగులు తెచ్చేది ఆ జాతి బాక్టీరియానే.

"చూసి చెప్పు మావయ్యా" అన్నాడు.

"ఉండరా, కళ్ళజోడు తెచ్చుకుంటాను" అన్నాను.